మార్పు ఎవరిదో తెలియని సర్వర్లు

యూట్యూబ్ తమ దేశంలో కనిపించకూడదని 2008 ఫిబ్రవరిలో పాకిస్థాన్ ప్రభుత్వం తీర్మానించుకుంది. ఆ ఆదేశాన్ని అమలు చేయడానికి పాకిస్థాన్ టెలికాం సంస్థ 24వ తేదీన తన రూటర్ల సెట్టింగుల్లో ఒక దారి మళ్లింపు చేర్చింది. యూట్యూబ్‌కు వెళ్లాల్సిన రద్దీని ఇటు పంపండి అన్నది దాని సారాంశం. ఆ మాట దేశ సరిహద్దుల లోపల ఆగాలి. ఆగలేదు. హాంకాంగ్‌కు చెందిన పీసీసీడబ్ల్యూ సంస్థ దాన్ని సరిచూడకుండానే ప్రపంచానికి చాటింది. సుమారు రెండు గంటల పాటు భూగోళంలో చాలా చోట్ల యూట్యూబ్ మూగబోయింది. వైరస్ లేదు, హ్యాకరు లేడు, తెగిన కేబులూ లేదు. ఎక్కడో ఒక రూటరులో చేరిన చిన్న సెట్టింగు, అంతే.

ఆ తప్పు అంత త్వరగా దొరకడానికి కారణం ఉంది. ఇంటర్నెట్‌లో ఏ నెట్‌వర్క్ ఏ దారిని ఎప్పుడు ప్రకటించిందో నిరంతరం నమోదు చేసే స్వతంత్ర కేంద్రాలు ఐరోపాలోనూ అమెరికాలోనూ ఉన్నాయి. ఆ చిట్టా ముందు పెట్టుకుని నిపుణులు నిమిషాల వారీగా జరిగిందంతా చెప్పగలిగారు. మరి అలాంటి మార్పే ఒక ప్రభుత్వ శాఖ డేటా సెంటరు లోపల, ఒక విద్యుత్ పంపిణీ సంస్థ సర్వరులో, ఒక పెద్దాసుపత్రి నెట్‌వర్క్‌లో జరిగితే? దాన్ని నమోదు చేసేదెవరు? దేశ సైబర్ భద్రత గురించి పుంఖానుపుంఖాలుగా సాగే చర్చల్లో ఈ ప్రశ్నకు దక్కుతున్న చోటు చాలా తక్కువ.

సర్వరు అంటే యంత్రమే అనుకుంటాం. నిజానికి యంత్రం ప్రవర్తనను నిర్ణయించేది కొన్ని వందల చిన్నచిన్న పాఠ్య ఫైళ్లు. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఏ తలుపు మూసి ఉంచాలి, ఏ విభాగం ఏ విభాగంతో మాట్లాడవచ్చు, సమయం ఎక్కడి నుంచి తీసుకోవాలి వంటివన్నీ వాటిలో మామూలు అక్షరాల్లోనే రాసి ఉంటాయి. లినక్స్ సర్వర్లలో ఇవి ఎక్కువగా ‘ఎట్‌సీ’ అనే ఒక్క ఫోల్డరులో ఉంటాయి. వీటినే కాన్ఫిగరేషన్ ఫైళ్లంటారు. కోట్ల రూపాయల ఫైర్‌వాల్ కొన్నా, అందులో ‘అందరినీ అనుమతించు’ అని ఒక్క వరుస చేరితే ఆ పెట్టె అలంకారానికే పనికొస్తుంది. ఆ వరుసను శత్రువే చేర్చనక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం పని తెమలక, వెండరు ఇంజినీరు దూరం నుంచి లాగిన్ కావడానికి ‘తాత్కాలికంగా’ తెరిచిన పోర్టు సోమవారానికి ఎవరికీ గుర్తుండదు. ఆ ఇంజినీరు ఉద్యోగం మారతాడు, కాంట్రాక్టు ముగుస్తుంది, అధికారి బదిలీ అవుతాడు. పోర్టు మాత్రం తెరిచే ఉంటుంది.

ఢిల్లీ ఎయిమ్స్‌ను తలచుకుంటే విషయం తేటపడుతుంది. 2022 నవంబరు 23న అక్కడి సర్వర్లపై దాడి జరిగింది. అయిదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని దుండగులు తాళం వేసేశారు. దేశంలోని అగ్రశ్రేణి వైద్య సంస్థ రోజుల తరబడి కాగితాల మీద ఓపీ నడిపింది. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడం వల్లే చొరబాటు సాధ్యమైందని సెర్ట్-ఇన్ ప్రాథమిక విశ్లేషణలో తేలినట్లు కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. విభజన అంటే లోపల లోపల గోడలు. ఒక గదిలో దొంగ పడినా పక్క గదికి పోకుండా ఆపేవి. ఇక్కడ దర్యాప్తు చేసేవారికి తప్పనిసరిగా తట్టాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ గోడలు మొదటి నుంచీ కట్టలేదా, లేక కట్టిన తరవాత ఎవరో ఏదో అవసరానికి ఒక్కొక్కటే కూల్చుకుంటూ పోయారా? మొదటిదైతే రూపకల్పన లోపం. రెండోదైతే నిర్వహణ లోపం, బహుశా అంతకు మించినది కూడా. సర్వరు సెట్టింగుల చరిత్ర భద్రంగా ఉన్న చోట దీనికి జవాబు పది నిమిషాల పని. లేని చోట నెలల తరబడి విచారించినా దొరికేది ఊహలే.

ఆస్తి కొనేవారెవరైనా ముందు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయిస్తారు. ఈ స్థలం ఎవరి నుంచి ఎవరికి ఏ తేదీన ఏ దస్తావేజుతో మారిందో, మధ్యలో తాకట్టు పడిందో లేదో చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వరు. రెండు సెంట్ల స్థలానికి ఉన్న ఆ పాటి చరిత్ర కోట్లమంది ఆధార్, ఆరోగ్య, పన్ను వివరాలను మోసే సర్వర్ల సెట్టింగులకూ ఉండాలని కోరడం అత్యాశ కాదు. దానికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దశాబ్దాలుగా వాడుతున్న వెర్షన్ కంట్రోల్ ఆ పని చేస్తుంది. ఫైలులో ఏ వరుస పోయింది, దాని స్థానంలో ఏది వచ్చింది, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అన్నవి ప్రతి మార్పుతో పాటే అందులో నమోదవుతాయి. వీటిలో అన్నిటికంటే విలువైనది ‘ఎందుకు’ అన్నదేనని అనుభవజ్ఞులు చెబుతారు. రెండేళ్ల తరవాత ఆ కుర్చీలోకి వచ్చే మనిషికి ఆ వరుసను తీసేయవచ్చో లేదో తెలిసేది దానివల్లే.

ఈ చరిత్ర ఎంత గట్టి కాపలాదారో చెప్పే ఉదంతం 2003 నవంబరు నాటిది. లినక్స్ మూలాధార ప్రతికి అనుబంధంగా ఉన్న ఒక నకలులో ఎవరో రెండు వరుసలు చొప్పించారు. చూడటానికి అమాయకంగా, ఏదో తనిఖీ చేస్తున్నట్లు ఉంటాయి. రెండు సమాన గుర్తులు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. ఆ ఒక్క గుర్తు తేడాతో, కిటుకు తెలిసిన వ్యక్తికి యంత్రంపై సర్వాధికారం దక్కుతుంది. అది ఎవరి కంటికో అనుమానంగా తోచి పట్టుబడలేదు. నకలులో ఉన్న మార్పుకు అసలు చిట్టాలో తగిన నమోదు లేదు కాబట్టి దొరికిపోయింది. ఆ తరవాత 2005 ఏప్రిల్లో లినస్ టోర్వాల్డ్స్ ‘గిట్’ను రూపొందించాడు. నేడు ప్రపంచమంతా వాడుతున్నది దాన్నే. గిట్‌లో ప్రతి నమోదు తన ముందు నమోదు వేలిముద్రను తనలో ఇముడ్చుకుంటుంది. పాత పుటలో ఒక అక్షరం దిద్దితే ఆ తరవాతి పుటలన్నిటి వేలిముద్రలూ మారిపోతాయి. పోలీసు కేస్ డైరీకి పేజీ నంబర్లు వేయాలని చట్టం ఎందుకు చెబుతోందో, ఇదీ అందుకే. ‘ఎట్‌సీ’ ఫోల్డరును దానంతటదే గిట్‌లో నమోదు చేసే ఉచిత సాధనాలూ చాలా ఏళ్లుగా అందుబాటులో ఉన్నాయి. రూటర్ల సెట్టింగులను రోజూ తెచ్చి, నిన్నటితో పోల్చి, తేడా ఉంటే కబురు పంపే సాధనాలైతే అంతకంటే పాతవి.

దీన్ని కంప్యూటరు నిర్వాహకుల ఇంటి పనిగా వదిలేయకుండా రక్షణ వ్యవహారంగా చూడాల్సిన అవసరం 2024 చివర్లో అందరికీ తెలిసొచ్చింది. ‘సాల్ట్ టైఫూన్’ అని పిలుస్తున్న బృందం అమెరికా టెలికాం సంస్థల్లోకి చొరబడి తిష్ఠ వేసిందని, చట్టబద్ధంగా ఫోన్లు వినే వ్యవస్థల దాకా చేరిందని బయటపడింది. దాని వెనక చైనా ఉందని అమెరికా ఆరోపించింది. బీజింగ్ కొట్టిపారేసింది. ఆరోపణల సంగతి అలా ఉంచి, వారి పనితీరు గమనించాలి. ఈ చొరబాటుదారులు వైరస్‌ల మీద పెద్దగా ఆధారపడలేదు. రూటర్ల సెట్టింగులనే మార్చారు. అనుమతుల జాబితాలో తమ చిరునామా కలిపారు, మూసి ఉండాల్సిన పోర్టులు తెరిచారు, సమాచారం బయటికి పారడానికి సొరంగాలు వేశారు. యాంటీవైరస్‌కు ఇందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రూటరు తనకు చెప్పిన పనే చేస్తోంది మరి. ఒక చోట మూడేళ్లకు పైగా వారు దొరక్కుండా ఉన్నారని సిస్కో నిపుణులు వెల్లడించారు.

2024 డిసెంబరులో అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్ భద్రతా సంస్థలు కలిసి విడుదల చేసిన సూచనల్లో ముందు వరసలో ఉన్నది ఇదే. ఆమోద ప్రక్రియ వెలుపల రూటర్లు, స్విచ్‌లు, ఫైర్‌వాల్‌లలో జరిగే ప్రతి సెట్టింగు మార్పునూ నిశితంగా పరిశీలించమన్నారు. సెట్టింగులను కేంద్రీకృతంగా భద్రపరచి అక్కడి నుంచి యంత్రాలకు పంపాలే తప్ప, యంత్రంలో ఉన్నదే అసలు ప్రతి అని నమ్మవద్దన్నారు. యంత్రం చెప్పేది సాక్ష్యం కాదన్నమాట. బయట, వేరే చేతుల్లో ఉన్న చిట్టాతో పోల్చినప్పుడే నిజం తెలుస్తుంది.

మన దగ్గర నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లోగా సమాచారం ఇవ్వాలి, లాగులను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. మంచిదే. కానీ లాగు వేరు, సెట్టింగుల చరిత్ర వేరు. లాగు అపార్టుమెంటు గేటు దగ్గరి రిజిస్టరు లాంటిది. ఎవరు ఎన్ని గంటలకు లోపలికొచ్చారో చెబుతుంది. లోపలికెళ్లిన మనిషి ఏ గోడకు కన్నం వేశాడో, అసలు అక్కడ గోడ ఉండాలో లేదో అందులో ఉండదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. మన లాగుల గడువూ సరిగ్గా ఆర్నెల్లే. మూడేళ్లు నక్కి కూర్చునే ప్రత్యర్థి విషయంలో అది ఏ మూలకు? లాగులు భారీగా ఉంటాయి కాబట్టి ఏళ్ల తరబడి దాచడం ఖర్చుతో కూడిన పనే. సెట్టింగుల చరిత్ర అలా కాదు. అది వట్టి పాఠ్యం. ఒక సర్వరు జీవితకాలపు మార్పులన్నీ కలిపినా ఫోనులో తీసిన చిన్న వీడియో అంత చోటు పట్టదు.

విచిత్రమేమిటంటే ఇదే పాఠాన్ని మన విద్యుత్ రంగం ఇనుప యంత్రాల విషయంలో ఎప్పుడో నేర్చుకుంది, అదీ చాలా ఖరీదు చెల్లించి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకట్లో మునిగింది. రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్ల మందికి పైగా ప్రజలకు కరెంటు పోయింది. దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో పూర్తిగా జోడు కాలేదు గనుక మన ఇళ్లలో దీపాలు ఆరలేదు. రెండు రోజులూ ఉపద్రవం మొదలైంది 400 కేవీ బీనా-గ్వాలియర్ లైను తెగడంతోనే. ఆ లైనులో షార్ట్ సర్క్యూట్ ఏదీ లేదు. అధిక భారాన్ని రక్షణ రిలే లోపంగా లెక్కగట్టి లైను తెంచేసింది. రాష్ట్రాలు కోటాకు మించి లాగేసుకోవడం, కీలక లైన్లు అప్పటికే మరమ్మతుల్లో ఉండటం వంటి పెద్ద కారణాలూ ఉన్నాయి, తిలా పాపం తలా పిడికెడు. అయినా చివరి మీట నొక్కింది ఒక రిలే సెట్టింగు. రక్షణ వ్యవస్థలను సమూలంగా ఆడిట్ చేయాలని విచారణ సంఘం సిఫార్సు చేసింది.

ఆ ఆలోచన క్రమంగా ఎక్కడి దాకా వచ్చిందంటే, 2023లో అమల్లోకి వచ్చిన కొత్త గ్రిడ్ కోడ్ 220 కేవీ, ఆపైన ఉన్న పరికరాల రిలే సెట్టింగులన్నిటితో కేంద్రీకృత డేటాబేసు నిర్వహించాలని ప్రాంతీయ విద్యుత్ కమిటీలను ఆదేశిస్తోంది. ఉన్న సెట్టింగు మార్చాలంటే ఆ కమిటీ ముందస్తు అనుమతి ఉండాల్సిందే. అంటే శ్రీశైలంలోనో రామగుండంలోనో ఒక రిలేలో అంకె మార్చడం ఇప్పుడు స్థానిక ఇంజినీరు సొంత నిర్ణయం కాదు. అదే విద్యుత్ సంస్థ బిల్లింగ్ సర్వరు, రిమోట్ లాగిన్ సర్వరు, నియంత్రణ కేంద్రానికి ఆనుకుని ఉన్న ఫైర్‌వాల్ విషయంలో అంతటి పట్టింపు ఎందుకుండకూడదు? 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం పరిపాలనా నెట్‌వర్క్‌లో మాల్‌వేర్ దొరికిందని ఎన్‌పీసీఐఎల్ స్వయంగా ధ్రువీకరించింది. కీలక నియంత్రణ వ్యవస్థలకు అంటలేదని కూడా చెప్పింది. పరిపాలనకూ నియంత్రణకూ మధ్య గోడ చెక్కుచెదరలేదన్న భరోసా ఎప్పటికప్పుడు రుజువు చేసుకోవాల్సినది, ఒకసారి ప్రకటించి ఊరుకునేది కాదు.

మార్పు జరిగి, నమోదు జరగకపోతే ఏమవుతుందో రైల్వేలు చూపించాయి. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి దూసుకెళ్లి ఆగి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ మీదుగా చెన్నై పోయే బండి అది. 290 మందికి పైగా చనిపోయారు. అంతకు ముందెప్పుడో సిగ్నల్ సర్క్యూట్‌లో చేసిన మార్పుల్లో లోపాలు, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ పనిలో లోపాలు కలిసి ప్రమాదానికి దారితీశాయని రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు. పెట్టెలోని తీగల మీద రాసి ఉన్న పేర్లు తప్పన్న సంగతి ఏళ్ల తరబడి ఎవరికీ పట్టలేదు. మరమ్మతుకు వచ్చినవాళ్లు కాగితం చెప్పింది నమ్మారు, వాస్తవం ఇంకోలా ఉంది. తీగలకైనా ఫైళ్లకైనా ఈ తేడాయే అసలు ప్రమాదం.

వెర్షన్ కంట్రోల్‌ను సర్వరోగ నివారిణిగా అమ్మజూపడం మాత్రం మోసమే అవుతుంది. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు నుంచి 8.1 కోట్ల డాలర్లు కాజేసిన ముఠా, అక్కడి స్విఫ్ట్ సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా కంప్యూటరు మెమరీలో రెండే రెండు బైట్లు మార్చి తనిఖీని దాటేసింది. ఫైళ్ల చరిత్ర ఒక్కదానికే అది చిక్కేది కాదు. అయితే ఫైర్‌వాల్ లేకుండా, పది డాలర్ల పాత స్విచ్‌లతో ఆ గదిని నడిపారని అక్కడి దర్యాప్తు అధికారులు చెప్పిన మాట వింటే, మెమరీ దాకా వెళ్లకముందే ఎన్ని తలుపులు బార్లా తెరిచి ఉన్నాయో అర్థమవుతుంది. ఇక చరిత్ర పుస్తకాన్ని అదే సర్వరులో ఉంచితే, సర్వరును గుప్పిట పట్టినవాడు పుస్తకాన్నే మాయం చేస్తాడు. అందుకే ప్రతి నమోదూ వెంటనే వేరే యంత్రానికి, వేరే అధికారి అదుపులోని చోటికి చేరాలి. ఏమరుపాటున పాస్‌వర్డులు, రహస్య తాళంచెవులు కూడా ఆ చరిత్రలోకి ఎక్కేస్తుంటాయి. ఒకసారి ఎక్కితే తరవాత తుడిచినా పాత పుటల్లో అలాగే ఉంటాయి. వాటిని మొదటి నుంచే విడిగా ఉంచడం ఈ పనిలో తొలి పాఠం.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. అన్ని సెట్టింగులనూ ఒక చోట చేరిస్తే శత్రువుకు కోట పటం చేతిలో పెట్టినట్లు కాదా? కొట్టిపారేయాల్సిన మాట కాదిది. 2023, 2024 సంవత్సరాల్లో సాల్ట్ టైఫూన్ బృందం సుమారు 70 అమెరికా ప్రభుత్వ, కీలక రంగ సంస్థలకు చెందిన 1,462 కాన్ఫిగరేషన్ ఫైళ్లను ఎత్తుకెళ్లిందని ఆ దేశ అంతర్గత భద్రతా శాఖ పత్రమే పేర్కొంది. కాబట్టి ఆ భాండాగారానికి కాపలా సైన్యంలో సంకేత లిపి గదికి ఉన్నంత కట్టుదిట్టంగా ఉండాలి. కానీ పటం మన దగ్గర లేకుండా వాడి దగ్గర మాత్రమే ఉండటం కంటే అధ్వానమైన స్థితి ఏముంటుంది?

నమోదు ఉన్నంత మాత్రాన పరీక్ష అక్కర్లేదనీ కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన కాన్ఫిగరేషన్ నవీకరణలో లోపం ఉందని తెలిసి 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. ఆ కాస్త వ్యవధిలోనే 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఏం మారిందో కచ్చితంగా తెలియబట్టి గంటన్నర లోపే మూలం మూతపడింది. ముందే కొద్ది యంత్రాల మీద పరీక్షించి ఉంటే ఆ గంటన్నరా అవసరపడేది కాదు.

మనుషుల కొరత సాకు మనకు చెల్లదు. హైదరాబాద్ హైటెక్ సిటీలో వేలమంది యువతీయువకులు విదేశీ బ్యాంకుల, బీమా సంస్థల సర్వర్లను సరిగ్గా ఈ పద్ధతిలోనే రాత్రింబవళ్లు చూసుకుంటున్నారు. రెండో వ్యక్తి చదివి ఒప్పుకోనిదే ఒక్క వరుస కూడా మార్చలేని క్రమశిక్షణ వారికి నిత్యకృత్యం. రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో ఇచ్చిన ఐటీ పాలన ఆదేశాల్లో మార్పుల నిర్వహణను బ్యాంకుల మీద బాధ్యతగా పెట్టింది. జాతీయ కీలక సమాచార వ్యవస్థల పరిరక్షణ కేంద్రం తన పరిధిలోని విద్యుత్, టెలికాం, రవాణా, ప్రభుత్వ రంగాలన్నిటికీ ఇంకాస్త నిర్దిష్టంగా చెప్పవచ్చు. ఆడిటరు ఏడాదికోసారి వచ్చి ఆ రోజుకు సర్వరు ఎలా ఉందో చూసి వెళితే అది పెళ్లిచూపుల ముస్తాబు చూసినట్లే. గడచిన ఏడాదిలో ప్రతి మార్పు చిట్టా అడగాలి, అందులోంచి ఏవో ఇరవై ఏరి ఎవరు ఆమోదించారో చూపించమనాలి, చిట్టాలో లేనిది యంత్రంలో ఏముందో పోల్చాలి.

అన్నిటికంటే ముందు సరిదిద్దాల్సింది టెండరు పత్రాలను. ప్రభుత్వ వ్యవస్థలు చాలావరకు నడుస్తున్నది కాంట్రాక్టు సంస్థల చేతుల మీదుగానే. అయిదేళ్ల గడువు తీరి కొత్త సంస్థ వచ్చినప్పుడు సర్వర్లు, పాస్‌వర్డులు, ఆస్తుల జాబితా అప్పగిస్తున్నట్లు సంతకాలు జరుగుతాయి. సెట్టింగుల పూర్తి చరిత్ర మొదటి రోజు నుంచీ ప్రభుత్వ ఆస్తి అని, అది రోజువారీగా శాఖ సొంత యంత్రంలోకి చేరాలని, అప్పగింతలో అది లేకపోతే చివరి బిల్లు ఆగుతుందని ఒక షరతు రాయడానికి పార్లమెంటులో చట్టం అక్కర్లేదు. రాష్ట్రాల ఐటీ శాఖలు తదుపరి టెండరులోనే ఆ మాట చేర్చవచ్చు.